ఉప్పు సముద్రంలో మంచినీళ్ళు

వదినలూ! ఎండాకాలం వచ్చిందంటే మన కబుర్లన్నీ నీళ్ళ చుట్టూనే కదూ! ఈ వారం నాదీ నీళ్ళ కబురే. కాకపోతే ఓ కోట దగ్గర మొదలుపెడతాను.

సంక్రాంతి సెలవుల్లో పుణేలో ఉన్న మా ఆడపడుచు వాళ్ళతో కలిసి మహారాష్ట్రలోని మురుడ్ వెళ్ళాం. పక్కనే రాజపురి అనే జాలర్ల ఊరు. అక్కడ తెరచాప పడవెక్కితే, సముద్రం మధ్యలో ఆ రేవుకి కాపలాగా జంజీరా కోట. అరబ్బీలో ‘జజీరా’ అంటే ద్వీపం, ఆ మాటే ఇలా మారిందట. బాగా దగ్గరికెళ్ళేదాకా సింహద్వారం ఎక్కడుందో కనిపించదు!

ఆఫ్రికా సంతతి సిద్దీలు 17వ శతాబ్దం నుంచీ దీన్ని ఏలారు. శివాజీ మహరాజు ఎన్నిసార్లు ప్రయత్నించినా దక్కలేదు. దీనికి పోటీగా దగ్గర్లోనే పద్మదుర్గం కట్టించాడు. 1682లో ఆయన కొడుకు శంభాజీ, ఏకంగా సముద్రంలో రాళ్ళు పోయించి కోటదాకా దారి వేయబోయాడు. మొగలాయి దండు మీదికి రావడంతో మధ్యలోనే వదిలి వెళ్ళాల్సొచ్చింది.

మావారూ పిల్లలూ కలాల్ బాంగ్డీ అనే పెద్ద ఫిరంగి చుట్టూ చేరారు. నా కళ్ళు మాత్రం లోపలున్న రెండు చెరువుల మీదే. చుట్టూ నోట పెట్టలేని ఉప్పునీళ్ళు, మధ్యలో మంచినీళ్ళు! ఎన్ని ఫిరంగులుంటే ఏం, వంటకి బిందెడు నీళ్ళు లేకపోతే ముట్టడిలో ఎన్నాళ్ళు ఆగగలరు చెప్పండి?

1948లో జంజీరా సంస్థానం మన దేశంలో కలిసింది. జనం ఒడ్డుకి వెళ్ళిపోయారు. శత్రువుకి లొంగని కోట అలా ఖాళీ అయింది. ఇళ్ళ కప్పులు కూలాయి, చెరువులు పచ్చగా నాచు పట్టాయి.

అది చూసి మా పెరటి బావి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. బోరు వేయించాం కదా, ఇంకెందుకని దాన్ని పట్టుబట్టి పూడ్పించింది నేనే. “వద్దమ్మా, ఎప్పటికైనా అక్కరకొస్తుంది” అని మా అత్తగారు ఎంత చెప్పినా వినలేదు. నాలుగేళ్ళకే బోరు ఎండింది. ఆవిడ ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఊరు రాగానే ఆ బావి పక్కనే ఇంకుడు గుంత తవ్వించాను. డాబా మీది వాన నీళ్ళు ఈ ఏడు అందులోకే. మీ పెరట్లో పాత బావి ఉంటే మాత్రం, నాలా తొందరపడకండి. ఓసారి పూడిక తీయించి చూడండి.