రెండో బ్రేకు

మా నాన్నకి గుండెల్లో నొప్పి వచ్చిన రాత్రి భట్టిప్రోలులో మా ఇంటి ముందు కారుంది. తాళాలు టీవీ పక్కన మేకుకి వేలాడుతున్నాయి. బండిలో పెట్రోలుంది. ఇంట్లో అమ్మ ఉంది. అయినా కారు కదల్లేదు. అంబులెన్సుకి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆగలేక అమ్మ వీధిలోకి పరిగెత్తి నాలుగిళ్ల తలుపులు కొట్టింది. అయిదో ఇంటి కుర్రాడు నిద్రకళ్లతో లేచి వచ్చి రేపల్లె తీసుకెళ్లాడు. నాన్న బతికాడు కాబట్టి మా చుట్టాలు ఆ రాత్రి గురించి 'అదృష్టం' అని చెప్పుకుంటారు. నేను మాత్రం ఆ ముప్పావుగంటని మర్చిపోలేకపోతున్నాను. ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లో ఏదో ఒక కారు ఉంది. దాన్ని తుడిచింది అమ్మ. దసరాకి బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది అమ్మ. నడపటం మాత్రం ఆవిడ పనుల జాబితాలోకి ఎప్పుడూ రాలేదు.

"నేను నేర్చుకుంటానే" అంది అమ్మ ఆసుపత్రి వరండాలో. అప్పటికి ఆవిడకి యాభై తొమ్మిది. అన్నయ్య నవ్వాడు. "ఈ వయసులో ఎందుకమ్మా? ఫోన్ చేస్తే డ్రైవర్ వస్తాడుగా." బాబాయి ఇంకాస్త ప్రేమగా, "అసలే కాలవగట్టు రోడ్లు, మనకెందుకు వదినా" అన్నాడు. ఎవరూ 'వద్దు' అనే మాట వాడలేదు, గమనించండి. వయసుని, కాలవని అడ్డం పెట్టారు, అంతే.

చట్టం అలా అడ్డం పెట్టలేదు. కారు లైసెన్సుకి కింది వయసు పద్దెనిమిదని చెప్పిందే కానీ పై వయసు చెప్పలేదు. నలభై దాటినవాళ్లని డాక్టరు సర్టిఫికెట్ తెమ్మంటుంది. యాభై అయిదు దాటాక లైసెన్సు అయిదేళ్లకే ఇచ్చి, మళ్లీ పరీక్ష చేయించుకుని రమ్మంటుంది. అది న్యాయమే. కంటిచూపు చూడాలి, రక్తపోటు చూడాలి. 'ఈ వయసులో ఎందుకు' అని మాత్రం అడగదు. ఆ ప్రశ్న ఇంట్లో పుట్టింది. సౌదీ అరేబియాలో 1990 నవంబరు 6న నలభై ఏడుగురు స్త్రీలు రియాద్ వీధుల్లో కార్లు నడిపి శిక్షలు అనుభవించారు. 2018 జూన్ 24న గానీ ఆ నిషేధం పోలేదు. ఆ వార్త చదివి మనం జాలిపడ్డాం. మనకి నిషేధం లేదు కదా అనుకున్నాం. మన దగ్గర నిషేధం అవసరమే రాలేదు, జోకు సరిపోయింది.

నా సంగతి చెప్తాను. పెళ్లయిన కొత్తలో నా సహచరుడు నాకు కారు నేర్పటం మొదలుపెట్టాడు. మంచివాడే, వంటా చేస్తాడు. మూడు ఆదివారాలు గడిచాయి. క్లచ్ వదిలితే బండి ఎగిరి ఆగిపోయేది. "చెప్పాను కదా!" అనేవాడు. ఎదురుగా లారీ వస్తే "బ్రేక్! బ్రేక్!" అని కేకపెట్టి, తన కాళ్ల కింద లేని బ్రేకుని తొక్కేవాడు. నాలుగో ఆదివారం నేను తాళాలు తిరిగి ఇచ్చేశాను. సిద్ధాంత గ్రంథం మౌఖిక పరీక్షలో అయిదుగురు ఆచార్యుల ముందు తొణక్కుండా నిలబడిన దాన్ని, ఆ సీట్లో ఏడో తరగతి పిల్లనైపోయాను. 'నాకు రాదు' అని ఏడెనిమిదేళ్లు నమ్మాను కూడా.

ముప్పై నాలుగో ఏట ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాక అసలు విషయం అర్థమైంది. ఆ కారులో మాస్టారి కాళ్ల దగ్గర రెండో బ్రేకు, రెండో క్లచ్ ఉన్నాయి. నేను తప్పు చేస్తే ఆయన కేకపెట్టలేదు, తన కాలు కదిపాడు. బండి ఆగింది. "ఇప్పుడేం జరిగిందో చెప్పండి మేడం" అని అడిగాడు. ఆ ప్రశ్నని అంత మామూలు గొంతుతో నన్నెవరూ అడగలేదు. నా సహచరుడి దగ్గర రెండో బ్రేకు లేదు కాబట్టి నోటిని బ్రేకుగా వాడాడు. భయం ఆయనది, తిట్లు నావి. ఇది ఒక మనిషి మంచితనానికి సంబంధించిన విషయం కాదు. పనిముట్టు లేనివాడు అధికారాన్ని పనిముట్టుగా వాడుకోవటానికి సంబంధించినది. అందుకే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు స్కూలు బండికి రెండో నియంత్రణ ఉండాలన్నాయి. సొంత కారు నేర్చుకునేవాళ్లకి ఇరవై ఒక్క రోజులకి తగ్గకుండా శిక్షణ, అందులో కనీసం పది గంటలు నిజంగా చక్రం పట్టటం ఉండాలన్నాయి. 2021లో వచ్చిన గుర్తింపు శిక్షణ కేంద్రాల నిబంధనలు తేలికపాటి వాహనాల కోర్సుని ఇరవై తొమ్మిది గంటలు చేశాయి. ఈ గంటల లెక్కలో మొగుడి ఆదివారాలు ఎక్కడా లేవు.

'ఇంట్లో నేర్పేవాడుండగా డబ్బు దండగ' అంటారు. ఆ నేర్పేవాడికి ఎవరు నేర్పారు? మా ఊళ్లో మగపిల్లలు మేనమామ ట్రాక్టరు మీదో, స్నేహితుడి కారులోనో కాలవగట్టున నేర్చుకుంటారు. దాన్నే 'వాడికి పుట్టుకతోనే వచ్చు' అంటారు. ఒంటిచేత్తో స్టీరింగు తిప్పటం, ఎదుటివాడి కళ్లలోకి పెద్ద లైటు కొట్టటం, బెల్టు పెట్టుకోకపోవటం, హారన్‌తోనే దారి తెచ్చుకోవటం వారసత్వంగా దిగుతాయి. ఈ దేశంలో 2022 ఒక్క సంవత్సరంలో రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అది కేంద్ర రవాణా శాఖ లెక్క. రోడ్లదీ, బండ్లదీ తప్పు లేదనను. కానీ ఎవరూ నేర్పని చేతుల మాటేమిటి? అద్దం చూసి, ఇండికేటర్ వేసి, ముందు బండికి దూరం వదిలి నడిపితే 'ఆడ డ్రైవింగ్' అని నవ్వుతారు. మనం 'ఆడవాళ్లూ మగవాళ్లంత బాగా నడపగలరు' అని వాదిస్తే ఓడిపోయినట్టే. ఆ కొలబద్దే తప్పు.

మరో వైపు, నేర్పాల్సిన చోటే నేర్పకపోవటం ఉంది. అమ్మని తీసుకుని నేను మొదట వెళ్లిన స్కూల్లో కౌంటరు దగ్గర మనిషి ఆవిడ వయసు చూసి, "పెద్దావిడకి ఎండలో తిప్పటం ఎందుకు మేడం, అయిదు రోజులు వస్తే చాలు, లైసెన్సు సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. అమ్మ నాకంటే ముందు జవాబు చెప్పింది. "నాకు లైసెన్సు కాదు బాబూ, డ్రైవింగ్ కావాలి." చేతికి చక్రం రాకుండా చేతిలో కార్డు పెట్టటం మర్యాదగా కనిపించే మోసం. దానివల్ల చచ్చిపోయేది కార్డు తీసుకున్నావిడే కాదు, రోడ్డు పక్క నడిచే కూలిమనిషి కూడా.

తెనాలిలో రెండో చోట చేరింది. అక్కడి మాస్టారు మొదటి రోజు ఇంజను వేయనివ్వలేదు. సీటు ముందుకి జరుపుకోవటం, అద్దాలు సర్దుకోవటం, ఏ అద్దంలో ఏది కనపడదో తెలుసుకోవటం చెప్పాడు. మూడో వారంలో పల్లె రోడ్డు ఎక్కించాడు. కోతల కాలంలో మా వైపు వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. వాటి మీద గట్టిగా బ్రేకు తొక్కితే టైరు పట్టు తప్పుతుందని, ముందే వేగం తగ్గించుకోవాలని చెప్పాడు. వెనక లైటు లేని ట్రాక్టరు తొట్టి చీకట్లో ఎలా మోసం చేస్తుందో చెప్పాడు. బాబాయి భయపెట్టిన కాలవగట్టు ఒక పాఠమైంది. భయానికి మందు ధైర్యం అంటారు కానీ, నేను చూసింది అది కాదు. పాఠం వచ్చాక భయం జాగ్రత్తగా మారింది.

మా ఊరి పేరు చదువుకున్నవాళ్లకి స్తూపం వల్ల తెలుసు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో దొరికిన ధాతు భరిణెల మీది లిపి గురించి మనం తరగతుల్లో చెప్తాం. అక్షరానికి గురువు కావాలని ఒప్పుకున్న సమాజం స్టీరింగుకి మొగుడు చాలంటుంది. ఆడవాళ్లు చదివితే చెడిపోతారన్న కాలంలో వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టాడు. 'మొగుడి దగ్గర ఇంట్లో నేర్చుకుంటే పోలేదా' అని అప్పుడూ అన్నవాళ్లుంటారు. బడి ఎందుకు కావాల్సి వచ్చిందో మనకి తెలుసు. ఇంట్లో చదువు దయ, బడిలో చదువు హక్కు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమం సైకిలు నేర్పటాన్ని చదువులో భాగం చేసింది. వేలమంది పల్లె స్త్రీలు సైకిలెక్కారు. సాయినాథ్ దాని గురించి రాశాడు. చక్రం కూడా అక్షరమేనని వాళ్లు మనకంటే ముందు గ్రహించారు.

'కార్లున్న ఆడవాళ్ల గోల' అని మనలోనే కొందరు అంటారు. ఆ మాటని నేను కొట్టిపారేయను. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో బస్సు ప్రయాణం స్త్రీలకి ఉచితమైంది, కావాల్సిందే. కానీ ఆ బస్సులో మనం ప్రయాణికులం. నడిపే జీతం ఎవరిది? నల్గొండ వైపు నుంచి వెళ్లిన వంకదారత్ సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థ బస్సుకి తొలి మహిళా డ్రైవరైంది. ఒక తెలుగు స్త్రీ బస్సు నడపటం కోసం ఢిల్లీ దాకా వెళ్లాల్సి రావటం మనకి సిగ్గుగా లేదా? మా వీధిలో డ్వాక్రా అప్పుతో కొన్న ఆటో ఉంది. అప్పు తల్లి పేరన, హ్యాండిల్ కొడుకు చేతిలో. శిక్షణ డబ్బున్నవాళ్ల సరదా అయినంత కాలం ఇలాగే ఉంటుంది. అందుకే ఇది ప్రతి మండలంలో, ప్రతి పొదుపు సంఘానికి, ఏ వయసు స్త్రీకైనా ప్రభుత్వం ఇవ్వాల్సిన శిక్షణ. రెండో బ్రేకున్న బండి, నేర్పటం వచ్చిన మనిషి, వీలైతే ఆడ మనిషి, నిజాయితీగా పెట్టే పరీక్ష. అడగాల్సిన జాబితా పెద్దదేం కాదు.

మన సంగతి కూడా ఒకటి ఉంది. సభలకి రాత్రి ఆలస్యమైతే 'మా వారు వచ్చి తీసుకెళ్తారు' అని మనమూ గుమ్మం దగ్గర నిలబడుతున్నాం. వచ్చే సమావేశానికి కవిత్వంతో పాటు ఎల్ బోర్డు కూడా తెచ్చుకుందాం.

అమ్మకి లైసెన్సు వచ్చింది, మొదటిసారి వెనక్కి తీసే దగ్గర తప్పి, రెండోసారి. మొన్న సంక్రాంతికి నాన్నని డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లింది. నేను వెనక సీట్లో ఉన్నాను. పక్క సీట్లో నాన్న కుడికాలు మాటిమాటికీ నేలకి తొక్కుతున్నాడు. "మెల్లగా, మెల్లగా" అంటున్నాడు. అమ్మ అద్దంలోంచి చూపు తిప్పలేదు. "మీరు కాసేపు మాట్లాడకండి, వెనక లారీ ఉంది."