పసిబిడ్డను ఎవరికి అప్పగించి పనికి పోవాలి?

ఎండాకాలం సెలవులకు ముందే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో ప్లే స్కూళ్ల ఫ్లెక్సీలు లేస్తాయి. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ కలిపి ఒకటో తరగతి మొహం చూడకముందే మూడేళ్ల ఫీజు. దాని మీద పుస్తకాలు, యూనిఫాం, ఆటో కిరాయి. మొగుడూ పెళ్లాలిద్దరూ పనికి పోయే ఇళ్లలో ఈ ఖర్చు మీద సణుగుడు మామూలే. అయితే అసలు ఖర్చు ఫీజు రసీదులో కనిపించదు. ఆరో నెల నుంచి మూడో ఏడు దాకా బిడ్డను ఏ బడీ చేర్చుకోదు. మూడేళ్లు నిండాక చేర్చుకున్న బడి తల్లి డ్యూటీ దిగేలోపే గేటు మూస్తుంది. ఈ రెండు ఖాళీలు పూడ్చడానికి ఇంట్లో ఎవరో ఒకరు తమ జీతమో, చదువో, ముసలితనంలో దక్కాల్సిన విశ్రాంతో వదులుకుంటున్నారు.

పట్టణాల సంగతి ముందు చూద్దాం. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) నుంచి ఈ మూడు జిల్లాలు విడివడ్డాయి. కలెక్టరేట్లు, జిల్లా ఆఫీసులు వచ్చాయి. 2022 నవంబర్‌లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. 2024లో గద్వాలకూ ఒకటి దక్కింది. వాటితోపాటే స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, జూనియర్ అసిస్టెంట్లు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగినులు వచ్చారు. వీళ్లలో చాలామందికి పుట్టిల్లు ఒక ఊరు, అత్తగారిల్లు ఇంకో ఊరు, ఉద్యోగం మూడో ఊరు. నైట్ డ్యూటీ పడిన నర్సుకు పక్కింటావిడ ఒకరోజు సాయపడుతుంది, రెండు రోజులు సాయపడుతుంది. నెలంతా ఎవరు చూస్తారు?

ఒక లెక్క వేసి చూద్దాం. ప్రైవేటు బడిలో టీచరుగా చేసే తల్లికి నెలకు పదివేలు వస్తాయనుకుందాం. ఏడాది బిడ్డను పగలంతా చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకుంటే, ఎంత తక్కువ ఇచ్చినా అందులో సగం పోతుంది. పెద్దపిల్లాడి నర్సరీ ఫీజు, ఆటో కిరాయి తీసేస్తే మిగిలేది చేతి ఖర్చులకే. ‘దీనికోసం పోవడమెందుకు, ఇంట్లోనే ఉండొచ్చుగా’ అన్న మాట సరిగ్గా ఇక్కడే పుడుతుంది. ఆ మాటలో ఓ తిరకాసు ఉంది. బిడ్డ ఇద్దరిదీ అయినా, బిడ్డను చూసుకునే ఖర్చును మాత్రం ఎప్పుడూ తల్లి జీతంలోంచే తీసేసి చూస్తారు. తండ్రి జీతంలోంచి తీసేసి, ఆయన పనికి పోవడం గిట్టుబాటా కాదా అని లెక్కేసే ఇల్లు ఎక్కడా కనపడదు. 2024 జాతీయ టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు.

సర్కారు కొలువులోనూ అందరికీ ఒకే న్యాయం లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి పిల్లల సంరక్షణ సెలవు సర్వీసు మొత్తంలో 730 రోజులు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగినికి 90 రోజులు. అదే ఆఫీసులో అదే పని చేసే అవుట్‌సోర్సింగ్ ఉద్యోగిని సెలవు పెట్టిందంటే ఆ రోజు జీతం పోయినట్టే.

ఇన్ని అంగన్‌వాడీలుండగా ఈ గొడవంతా ఎందుకని కొందరు అడగొచ్చు. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) కింద ఇవాళ తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ వేడి అన్నం, గుడ్డు, ఆటపాటలు దొరుకుతాయి. మూడేళ్ల లోపు బిడ్డకు మాత్రం నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్, గుడ్లు ఇచ్చి ఇంటికి పంపుతారు. అంటే ఆ బిడ్డను పెట్టుకుని ఇంట్లో ఒక తల్లి ఉంటుందన్న నమ్మకం మీదే పథకం నడుస్తోంది. పెద్దపిల్లలకైనా సాయంత్రం నాలుగింటికల్లా కేంద్రం మూతపడుతుంది. కూలికి పోయిన తల్లి ఇంటికి చేరేది పొద్దు గూకాక.

గద్వాల జిల్లా నడిగడ్డకు వెళ్తే ఈ నమ్మకం ఎంత వట్టిదో తెలుస్తుంది. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న ఈ నేల సీడ్ పత్తికి పెట్టింది పేరు. హైబ్రిడ్ విత్తనం తయారు కావాలంటే ప్రతి పువ్వుకూ మనిషి చెయ్యి తగలాలి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా వెతికి పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులూ పుప్పొడి తిత్తులూ వలిచేసి, లోపలి కీలాగ్రాన్ని మాత్రం మిగుల్చుతారు. తెల్లారాక మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. దీన్నే అక్కడ క్రాసింగ్ అంటారు. రెండు నెలలకు పైగా సాగే ఈ పని ఒక్క రోజు తప్పినా ఆ రోజు పువ్వులన్నీ పోయినట్టే. ఆడవాళ్ల వేళ్లకే ఈ పని బాగా కుదురుతుందని రైతులు, సీడ్ ఆర్గనైజర్లు చెప్పుకొంటారు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట తల్లి చేనులోనే ఉంటే ఇంటి దగ్గర చంటిబిడ్డ సంగతేమిటి?

నాలుగో తరగతో ఐదో తరగతో చదివే అక్క ఉంటుంది. బడికి ఎందుకు రావట్లేదని సారు అడిగితే, ‘తమ్మున్ని ఎత్తుకోవాలె సార్’ అంటుంది. పత్తి చేలలో బాల కార్మికుల గురించి ఇరవై ఏళ్లకు పైగా దేశమంతా చర్చ జరిగింది. స్వచ్ఛంద సంస్థలు పనిచేశాయి, విత్తన కంపెనీలు మాట ఇచ్చాయి. చేనులో కనిపించిన పిల్లను లెక్కపెట్టారు. ఇంట్లో తమ్ముణ్ని చంకనేసుకున్న పిల్ల ఏ రిజిస్టరులోనూ బాల కార్మికురాలు కాదు. బడి దృష్టిలో గైర్హాజరు మాత్రమే. 1986 జాతీయ విద్యా విధానం ఈ ముడిని గుర్తించింది. తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకునే ఆడపిల్లలు బడికి రావాలంటే డే కేర్ కేంద్రాలు కావాలని అప్పుడే రాసింది. నలభై ఏళ్లవుతోంది. తెలంగాణలో అక్షరాస్యత బాగా వెనుకబడిన జిల్లాల్లో గద్వాల ఇవాళ్టికీ ఉంది.

చట్టాలు లేవా అంటే, వాటికి కొదవ లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి మహిళలున్న ఫ్యాక్టరీలో క్రెష్ (పసిపిల్లల్ని చూసే కేంద్రం) ఉండాలంది. 1996 నిర్మాణ కార్మికుల చట్టం యాభై మందికి మించి మహిళలున్న చోట ఉండాలంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం యాభై మంది ఉద్యోగులున్న సంస్థలన్నిటికీ ఆ బాధ్యత అప్పజెప్పింది. ఇప్పుడు అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా అదే యాభైని ఉంచుకుంది. ఈ అంకెలన్నీ పెద్ద గేటూ సైరనూ ఉన్న నగరపు ఫ్యాక్టరీని చూసి రాసినవి. పాలమూరు పని ముప్పైలూ యాభైలుగా ఒక్కచోట దొరకదు. ఎకరం సీడ్ పత్తిలో పదిమంది, బట్టల దుకాణంలో నలుగురు, ప్రైవేటు బడిలో పన్నెండుగురు. గద్వాల, రాజోలి, అయిజలలో చీర నేసే ఇళ్లలో కండెలు చుట్టే ఆవిడకు యజమాని ఎవరో చట్టం దృష్టిలో తేలడమే కష్టం. మగ్గం గుంటకు అడుగు దూరంలో పాత చీర ఉయ్యాల కట్టి, ఒక చెయ్యి దారం మీద, ఒక కాలు ఉయ్యాల తాడు మీద పెట్టుకుని పనిచేసే ఆమెను ఏ సెక్షనూ లెక్కలోకి తీసుకోదు.

మన పల్లెకు సరిపోయే కొలత ఒక్కచోటే కనిపిస్తుంది. 2005 ఉపాధి హామీ చట్టం కింద, పని జరిగే చోటికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు వస్తే, వచ్చిన ఆడవాళ్లలో ఒకరిని పిల్లల్ని చూసే పనికి పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలని నిబంధన పెట్టారు. ఈ నిబంధన కూలీలను కాకుండా పిల్లల్ని లెక్కపెట్టింది. చేయాల్సిన మార్పు అదే. ఫలానా యజమాని దగ్గర ఎంతమంది ఆడవాళ్లున్నారన్నది పక్కనపెట్టి, ఫలానా ఊళ్లో, ఫలానా వార్డులో మూడేళ్ల లోపు పిల్లలు ఎంతమంది అని అడగాలి. అప్పుడు బాధ్యత యజమాని తలుపు దాటి పంచాయతీకి, మునిసిపాలిటీకి చేరుతుంది.

ఇదేమీ గాలిలో మేడ కాదు. గద్వాలకు పక్కనే ఉన్న కర్ణాటక 2023లో ‘కూసిన మనె’ పేరుతో గ్రామ పంచాయతీల్లో 4,000 శిశు కేంద్రాలు పెట్టాలని నిర్ణయించింది. ఉపాధి పనికి పోయే తల్లుల మూడేళ్ల లోపు బిడ్డలే అందులో ముందు వరస. కేంద్రం 2022లో పాల్నా పథకం తెచ్చి దేశమంతటా 17,000 అంగన్‌వాడీ క్రెష్‌లు లక్ష్యమంది. దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలున్న దేశంలో అది ఎనభైకి ఒకటి. దానికి ముందున్న జాతీయ క్రెష్ పథకంలో పేద కుటుంబం నెలకు కట్టాల్సింది 20 రూపాయలు, 12,000 దాకా ఆదాయమున్నవాళ్లు 100, ఆపైవాళ్లు 200. ఫీజు భారమయ్యే పథకం కాదది. కేంద్రాలే చాలినన్ని లేవు.

అవ్వాతాతలున్నారుగా అనేవాళ్లకూ ఒక మాట. వలసలతో పాలమూరు అవ్వాతాతలు ఎప్పుడో అరిగిపోయారు. గుంపు మేస్త్రీ వెంట బొంబాయికి, పుణెకు మట్టి పనికి పోయిన కొడుకూ కోడలూ పిల్లల్ని వాళ్ల మీదే వదిలివెళ్లారు. బడి ఈడు పిల్లలకు సీజనల్ హాస్టళ్లన్నా పెట్టారు, పాలు మరవని పిల్లలకు అదీ లేదు. ఇటు చదువుకుని అమెరికా వెళ్లినవాళ్ల కథా ఇంతే. డాలస్‌లో బిడ్డ పుడితే ముందు అమ్మ వెళ్తుంది. విజిటర్ వీసా మీద ఆమె ఆరు నెలలు ముగిశాక అత్తమ్మ విమానమెక్కుతుంది. కుటుంబ ఆదాయంలో పిల్లల సంరక్షణ ఖర్చు ఏడు శాతం దాటకూడదని అక్కడి ఆరోగ్య శాఖే కొలత పెట్టింది. చాలా ఇళ్లలో ఆ కొలత నిలవదు కాబట్టే వనపర్తి తల్లి డాలస్‌లో డైపర్లు మారుస్తోంది. అదే అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం 2025 నవంబర్ నుంచి ఆదాయంతో పని లేకుండా పిల్లల సంరక్షణను ఉచితం చేసింది.

డబ్బెక్కడిది అన్న ప్రశ్న సహజం. పాతిక మంది పిల్లల కేంద్రానికి ఒక టీచరు, పసిపిల్లలు కాబట్టి ఇద్దరు ఆయాలు అనుకుందాం. 2021లో పెంచాక తెలంగాణలో అంగన్‌వాడీ టీచరు గౌరవ వేతనం 13,650, ఆయాకు 7,800. ముగ్గురికీ కలిపి నెలకు 29,250. బిడ్డకు 1,170 రూపాయలు. ఉపాధి కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు. అంటే నాలుగు రోజుల కూలి కన్నా తక్కువ. తిండి, అద్దె, ఆటవస్తువులు దీనికి అదనం. అయినా నెలలో ఇరవై రోజులైనా తల్లి పనికి పోగలిగితే ఆ ఇంటికి వచ్చేదెంత, సర్కారుకు అయ్యేదెంత అన్నది చిన్న కూడికే. ఒక షరతు మాత్రం మరవకూడదు. ఇప్పటికే సర్వేలు, యాప్‌లు, తూకాలతో సతమతమవుతున్న అంగన్‌వాడీ టీచరు నెత్తిన ఈ పసిపిల్లల్నీ పెట్టి, క్రెష్ తెరిచామని రాసుకోకూడదు. 2023 సెప్టెంబర్‌లో వాళ్లు సమ్మెకు దిగింది జీతం చాలకే.

ఖర్చంతా ఖజానా మీదే పడనక్కర్లేదు. నాలుగు సంస్థలు కలిసి ఒక ఉమ్మడి క్రెష్ నడుపుకోవచ్చని సామాజిక భద్రతా కోడే వీలిచ్చింది. జిల్లా కేంద్రంలో ఆసుపత్రి, మెడికల్ కాలేజీ, కలెక్టరేటు, పక్కనున్న బ్యాంకులు కలిసి రాత్రి డ్యూటీకీ పనికొచ్చే కేంద్రం ఒకటి పెట్టుకోవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. నడిగడ్డలో సీడ్ కంపెనీలు ఒప్పందం రాసుకునేటప్పుడే ఊరి శిశు కేంద్రానికి తమ వాటా చూపాలని జిల్లా యంత్రాంగం అడగొచ్చు. వేళ్లతో తయారైన ప్రతి గింజ మీదా లాభం తీసేది వాళ్లే కదా.

ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు కొండారెడ్డిపల్లి నాగర్‌కర్నూల్ జిల్లాలోదే. 2025-26లో ఆయన సర్కారు కొన్ని వందల ప్రభుత్వ బడుల్లో ప్రీ ప్రైమరీ తరగతులకు అనుమతిచ్చింది. ప్లే స్కూల్ ఫీజు భారానికి అది కొంత విరుగుడు. ఆ తరగతి మెట్టు ఎక్కే వయసు రాని బిడ్డకు మాత్రం ఇంకా ఏమీ లేదు. జూన్‌లో బడులు తెరిచేలోగా మూడు జిల్లా కేంద్రాల్లో ఒక్కో ఉమ్మడి క్రెష్, సీడ్ పత్తి వేసే మండలాల్లో పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా రెండు విడతల సిబ్బందితో నడిచే సీజన్ కేంద్రాలు పెట్టి చూడాలి. అవి పనిచేశాయో లేదో తేల్చడానికి కన్సల్టెంట్ల నివేదికలు అక్కర్లేదు. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఆ ఊళ్ల బడుల్లో నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లల హాజరు పట్టీని పోయినేటి పట్టీ పక్కన పెట్టి చూసుకుంటే సరిపోతుంది.