శంషాబాద్ గాలిలో ఒక మోల్

తెలుగు పాఠం చెప్పేవానికి వాయువుల లెక్కలెందుకని కొందరు నవ్వవచ్చు. గణాలు లెక్కించనిదే పద్యమూ నడవదు.

ఇంటర్మీడియట్ విద్యార్థి నిద్రలో సైతం పలికే సంఖ్య 22.4. ఒక మోల్ వాయువు ఆక్రమించే లీటర్లవి. అయితే సున్నా డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ పీడనం వద్ద మాత్రమే ఇది సత్యం. మన ప్రాంతం ఆ చలిని ఎరుగదు. నియమాన్ని విడిచి సంఖ్యను వల్లించడం సూత్రం విడిచి ఉదాహరణను కంఠస్థం చేయడమే.

2008లో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉన్నది. అచ్చట వాయుపీడనం దాదాపు 0.93 అట్మాస్ఫియర్లు. ముప్ఫై డిగ్రీల వేడిమి అనగా 303 కెల్విన్లు. 0.0821ని 303తో గుణించి 0.93తో భాగిస్తే ఒక మోల్‌కు సుమారు 26.7 లీటర్లు. అణువుల సంఖ్య మారలేదు. వాటి నడుమ ఎడం పెరిగింది. గింజలు అవే, గాదె విశాలమైంది.

కిలో విమాన ఇంధనం మండితే సుమారు 3.16 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది. మోల్‌కు 44 గ్రాముల చొప్పున అది దాదాపు 72 మోల్‌లు. 22.4ను నమ్మినవాడు దానిని 1,610 లీటర్లంటాడు. పరిసరాల వేడిమికి చల్లారిన ఆ వాయువు శంషాబాద్‌లో 1,900 లీటర్లు దాటుతుంది. గాలి సైతం ఇట్లే పలుచబడుతుంది. అందువల్లనే మండుటెండలో విమానం రన్‌వేపై మరింత దూరం పరుగెత్తవలసి వస్తుంది, లేదా బరువు తగ్గించుకోవలసి వస్తుంది.

ప్రశ్నపత్రాలు సున్నా డిగ్రీలను కొంతకాలం పక్కనపెట్టి, మన ఊరి వేడిమిని, పీడనాన్ని ఇచ్చి లెక్క అడగాలని నా అభిప్రాయం.