అంగవికలుడైన సైనికుడు

సోమవారమునాడు జిల్లా కలెక్టరు కచేరీలో అర్జీలు పుచ్చుకొను వేళ ముంగిట నిలిచి చూచువారికి, ఆ వరుసలో తఱచుగా ఒక మాజీ సిపాయి కానవచ్చును. చంకలో కఱ్ఱ, చేతిసంచిలో మడతలు చిరిగిన కాగితములు. అతడడుగునది గ్రాసమునకు చాలిన నెలసరి సహాయము. ఇది ఢిల్లీవారి పనియని యిచ్చట చెప్పుదురు. ఢిల్లీకి వ్రాసికొన్నచో జిల్లావారి నాశ్రయింపుమందురు.

ఈ దురవస్థ యెట్లు కలుగుచున్నదో పాఠకులు గమనింపవలెను. సిపాయికి సేవాపింఛను రావలెనన్న 15 ఏండ్లు కొలువు చేయవలెను. అంతకు మునుపే రోగమువలననో గాయమువలననో పంపివేయబడినవానికి అంగవైకల్యపు పింఛను కలదు గాని, వైకల్యము నూటికి 20 వంతులకు తక్కువ కారాదు. అది సేవవలన కలిగినదనియో, సేవవలన ముదిరినదనియో వైద్యమండలి యొప్పుకొనవలెను. “సేవతో సంబంధము లేదు” అని ఆ మండలి వ్రాసిన ఒక్క పంక్తితో వాని నోటికూడు పోవును. ఊరు చేరి, రాష్ట్రప్రభుత్వ మిచ్చు వికలాంగుల పింఛనైనను కోరుదమన్న, అచ్చట 40 వంతులు చూపవలెనట! ఇరువదికిని నలువదికిని నడుమ చిక్కినవాని గతి యేమి?

ఈ విషయమున న్యాయము అస్పష్టముగా నున్నదని యెవరును చెప్పజాలరు. 1985లో సిగ్నలు దళమున చేరి, మూర్ఛరోగముచేత 1994లో పంపివేయబడిన యొక సిపాయి వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2013 జూలైలో తీర్పు చెప్పెను. చేర్చుకొన్ననాడు రోగమున్నట్లు వ్రాసికొననిచో, పిమ్మట వచ్చిన రోగము సేవవలన వచ్చినదనియే భావింపవలెననియు, కాదని రుజువు చేయు భారము సర్కారుదే గాని సిపాయిది కాదనియు 1982 నాటి నిబంధనలకు అర్థము చెప్పెను. వైద్యులు పరీక్షించి, ఆరోగ్యవంతుడని వ్రాసికొనియే కదా చేర్చుకొన్నది! అయినను ఆ తీర్పు ఫలము దక్కవలెనన్న, సైనిక ట్రైబ్యునలు కెక్కవలెను. మన రెండు రాష్ట్రములును చెన్నపట్టణపు పీఠము క్రిందివి. బస్సుఖర్చునకే లేనివాడు అంతదూర మెట్లు పోగలడు?

జిల్లా సైనికబోర్డునకు అధ్యక్షుడు కలెక్టరే. ఈ బోర్డుల వ్యవస్థకు మూలము 1919లో, మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, పరప్రభుత్వము నెలకొల్పిన సైనికుల బోర్డు. పరులకే తోచిన బాధ్యత స్వరాజ్యమున మఱవదగునా? పశ్చిమగోదావరిలో మిలిటరీ మాధవరమని పేరుగన్న గ్రామముగల జాతి మనది. కావున ఇది తన పని కాదని యే కలెక్టరును చెప్పరాదు.

మేము కోరునది గొప్ప యుపకారము కాదు. పటాలపు రికార్డు ఆఫీసునకు వ్రాసి, చేరికనాటి కాగితములను, వైద్యమండలి నివేదికను తెప్పించు పని జిల్లా కార్యాలయమే చేయవలెను. 1987 నాటి న్యాయసేవల చట్టము వికలాంగునికి ఉచితముగా వకీలు నిచ్చుచున్నది; ఆ మాట అర్జీ పుచ్చుకొను గుమాస్తా నోట రావలెను. మా వకీళ్లలో వారమున కొక్కపూట యీ పనికి విడిచిపెట్టువారు లేకపోరు. వచ్చు సోమవారమే కచేరీ మెట్ల క్రింద నొక బల్ల వేయించి, ఈ అర్జీలను అచ్చటనే పుచ్చుకొనుటకు కలెక్టరుగారికి గల యాటంక మేమి?