బాటసారియు ఇంటివారును

పై తరగతులు ముగించిన మన విద్యార్థులలో కొందఱు సెలవు దినములలో నొక సంచి భుజమున వైచుకొని, జగిత్యాల నుండి కోరుట్ల మీదుగా సిరిసిల్ల వఱకు కొంత కాలినడకను, కొంత బస్సు మీదను తిరిగి వచ్చుచున్నారు. ఈ యలవాటు మెచ్చదగినది. తలిదండ్రులు భయపడి వారింపవలదని నా మనవి. కాని పోవువా రొక సంగతి నెఱిగి పోవలయును. వారు చూడబోవునది కోటలును చెఱువులును గల వేడుక దేశము మాత్రమే కాదు; గాయ మింకను పూర్తిగ మానని దేశము.

1948 సెప్టెంబరు వఱకు ఈ ప్రాంతము నిజాము రాజ్యములోనిది. గడీలలోని దొరలకు కూలి లేకయే చాకిరి చేయవలసి యుండెను; దానికి వెట్టి యని పేరు. రాజ్యము పోయినను దొరతనము వెంటనే పోలేదు. 1978 సెప్టెంబరు 7వ తేదీన వేలకొలది రైతుకూలీలు జగిత్యాలలో గుమికూడి దొరల దౌర్జన్యమునకు ఎదురు నిలిచిరి. జగిత్యాల జైత్రయాత్ర యని జనులు చెప్పుకొనునది అదియే. మఱుసటి నెలలోనే ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. అటుపిమ్మట ననేక సంవత్సరములు ఇరువైపుల తుపాకులు, నడుమ పల్లె. దొరలు పలువురు ఊళ్లు విడిచి పట్టణములు చేరిరి. అడవికి పోయి తిరిగి రాని కొడుకులు గలరు. పోలీసు కొలువునకు పోయి తిరిగి రాని కొడుకులును గలరు. రజాకార్ల దౌర్జన్యమును తలచుకొను ఇల్లు గలదు. వారి కాలము ముగిసిన పిదప తన తాత పడిన భయమును తలచుకొను ముస్లిము ఇల్లును గలదు. ఇవి యన్నియు దూరదూరముగ నుండవు. ఒక్క బావి నీరు త్రాగినవారే.

కాంబోడియా దేశమున 1975 మొదలు 1979 వఱకు ఘోరమైన మారణహోమము జరిగెను. రాజధాని నోమ్ పెన్‌లోని తువోల్ స్లెంగ్ అను చోట నొక ఉన్నత పాఠశాలనే చెఱసాలగా మార్చి వేలమందిని హింసించిరి. నేడది ప్రదర్శనశాల. యాత్రికుడు టిక్కెట్టు కొని, గోడలపైని ముఖములు చూచి, తన బసకు పోవచ్చును. ఎవరి తలుపును తట్ట నక్కఱలేదు. మనచోట గతము చాలవఱకు ఇండ్లలోనే యున్నది. అచ్చటికి టిక్కెట్టు దొరకదు. స్నేహము చేయవలయును.

ఆ స్నేహమునకు మన యువకులు వ్యవధి నీయరు. అరుగుమీద ముసలమ్మ కనబడగానే సెల్‌ఫోను చేతబట్టి, “అవ్వా, ఆ రోజులలో మీ యింట నెవరైన చనిపోయిరా?” అని యడుగువారిని నేను చూచితిని. నా మిత్రుడొకడు, ఆయనయు నుపాధ్యాయుడే, “అడుగకున్న తెలియుటెట్లు? వృద్ధులు పోవుచున్నారు, వారితో చరిత్రయు పోవుచున్నది” అని వాదించును. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని తేదీలును పేర్లును పుస్తకములలోను పాత పత్రికలలోను గలవు. వానిని చదివియే బయలుదేరవలయును. ఆ తల్లి యొద్ద నున్నది వేఱు. అది గంటసేపటిలో తీసికొని పోదగిన వస్తువు కాదు. మనము పోయిన పిదప ఆ రాత్రి నిద్రలేక గడపవలసినది ఆమెయే.

నిజమునకు ఈ సీమలో ప్రశ్నించు హక్కు మొదట ఇంటివారిది. “ఏ ఊరు బిడ్డా? బువ్వ తిన్నవా? మీ బాపు ఏం జేస్తడు?” అని యడుగుదురు. పట్టణపు పిల్లలు దీనికి చిన్నబుచ్చుకొందురు. తన తండ్రి యేమి చేయునో చెప్పుటకు వెనుదీయువాడు ఒకరి యింట చనిపోయినవారిని గూర్చి యెట్లడుగును? ముందు మీ సంగతి చెప్పుడు. పెట్టినది తినుడు.

తరువాత వారి పనిని చూడుడు. కోరుట్లలో స్త్రీలు చాట ఒడిలో నుంచుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచుందురు. కత్తిరించుట నేర్పుమని యడిగినచో నవ్వుచు నేర్పుదురు. (త్రాగుమని నేను చెప్పుటలేదు, ప్రధానోపాధ్యాయులవారు గమనింతురు గాక.) ఆ నవ్వుల నడుమనే, దుబాయికో మస్కటుకో పోయిన భర్త మాట తానై వచ్చును. సిరిసిల్లలో మరమగ్గమును సాంచ యందురు. దాని చప్పుడులో మాట వినబడదు. పని దిగి టీకొట్టు చేరువఱకు వేచియుండవలయును. అప్పులకు తాళలేక నేతపనివారు ప్రాణములు తీసికొన్న కాలమున ఆ యూరికి “ఉరిసిల్ల” యని పేరుపెట్టిన వారున్నారు. మీ నోట ఆ మాట రానీయకుడు. అక్కడివారు 2017 మొదలు కొన్ని యేండ్లు తాము నేసిన బతుకమ్మ చీరలను గూర్చియు చెప్పగలరు, అడిగినచో.

నే నెఱిగిన ఒక వృద్ధుడు, యౌవనమున భీవండిలో సాంచలు నడిపినవాడు, మూడు పర్యాయములు నాతో తెగిన పోగులను గూర్చియే మాటలాడెను. నాలుగవ పర్యాయము నే నడుగకయే లోనికి పోయి తమ్ముని పటము తెచ్చి నా చేతిలో పెట్టెను. ఇరువురము చాలసేపు ఏమియు మాటలాడలేదు.

ఈ సంచికకై ఒక విద్యార్థి తాను ఒక పల్లెలో వినిన వృత్తాంతమును వ్రాసి తెచ్చెను. బాగుగనే వ్రాసెను. ఆ యింటివారికి చదివి వినిపించితివా యని యడుగగా, లేదనెను. మఱుసటి ఆదివారము బస్సెక్కి పోయి వినిపించెను. ఆ తల్లి యంతయు విని, కొడుకు పేరు తీసివేయుమనెను. వాడు చిన్ననాడు చెఱువును ఈ దరినుండి ఆ దరికి ఈదెడివాడన్న మాట చేర్చుమనెను. ఆ రెండును చేసి పంపితిమి.