కాళ్లమీద దద్దుర్లు – దోమా? నల్లా? ఫ్లీ పురుగా?

పిల్లల కాళ్లమీద ఎర్రని దద్దుర్లు కనబడితే దోమలు కుట్టాయని ఊరుకుంటాము. అయితే కుక్కలు, పిల్లులు తిరిగే ఇండ్లలో మరొక పురుగు కూడా ఉంటుంది. దానిని వైద్యులు ఫ్లీ అంటారు.

గుర్తుపట్టుట ఎలా? ఇది నువ్వుగింజ అంత, లేదా ఇంకా చిన్నది. రంగు ముదురు గోధుమ. రెక్కలుండవు. ప్రక్కలనుండి నొక్కినట్లు సన్నగా ఉంటుంది. పట్టబోతే గంతు వేస్తుంది. పేను, నల్లి, పిడుదు గంతు వేయలేవు.

దీని కాట్లు ఎక్కువగా చీలమండల చుట్టూ, పిక్కలమీద రెండు మూడు దగ్గర దగ్గరగా ఉంటాయి. దురద ఎక్కువ. కాటు చూచి మాత్రమే నిశ్చయించుట కష్టం. కనుక కుక్కను తడిపిన తెల్లగుడ్డమీద నిలిపి దువ్వండి. రాలిన నల్లని పొడి తడికి ఎర్రబారితే అది ఫ్లీ రెట్టయే. ఆ ఎరుపు అది త్రాగిన రక్తం.

ముఖ్యమైన సంగతి ఏమనగా, పెద్ద పురుగు జంతువు ఒంటిమీద ఉన్నా, గ్రుడ్లు నేలమీద రాలిపోతాయి. పిల్ల పురుగులు దుమ్ములో, నేల పగుళ్లలో, చాపల క్రింద పెరుగుతాయి. గూటిలోనున్న పురుగు నెలల తరబడి కూడా వేచియుండగలదు. అందుచేత కుక్కకు మందు వేసి ఊరుకుంటే చాలదు. కొన్ని వారాలపాటు ప్రతిదినం మూలమూలలు ఊడ్చి, పగుళ్లు పూడ్చి, పక్కబట్టలు వేడినీటిలో ఉతికి ఎండవేయండి.

పొలానికి కొట్టే మందును పక్కలమీద, కుక్కమీద, పిల్లల ఒంటిమీద ఎన్నడూ చల్లవద్దు. అది ప్రాణాలు తీయగలదు. పశువైద్యుని అడిగి మందు తీసుకోండి. కుక్కలకు వాడే పర్మెత్రిన్ మందు పిల్లిని చంపగలదు.

కాటును సబ్బుతో కడిగి, తడిగుడ్డ వేసి, కాలమైన్ లోషన్ రాయండి. పిల్లల గోళ్లు కత్తిరించండి. చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి.

ఎలుకలమీది ఫ్లీ పురుగు ఒక రకం టైఫస్ జ్వరాన్ని, ప్లేగును వ్యాపింపజేస్తుంది. ప్లేగు ఈ పురుగు ద్వారా ఎలుకనుండి ఎలుకకు పాకుతుందని ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమోన్ 1898లో కరాచీలో చూపాడు. 1994లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో, గుజరాత్‌లోని సూరత్‌లో ప్లేగు కనబడి దేశమంతా కలవరపడింది. ఎలుక చనిపోగానే దానిమీది పురుగులు వేరొక ఒంటిని వెదకుతాయి. కనుక ఇంటిలో ఎలుకలు వాటంతటవే చచ్చిపడుతుంటే చేతితో ముట్టవద్దు. పిల్లలను దూరంగా ఉంచి, వెంటనే ఆరోగ్య కేంద్రానికి తెలియజేయండి.