చట్టమునకు కావలి

హైదరాబాదు నుండి చేవెళ్లకు పోవు మార్గమున, మొయినాబాదు మండలములో హిమాయత్‌నగర్ అను గ్రామము గలదు. ఆ ప్రాంతమునకు ఒకవైపు ఉస్మాన్‌సాగరము, వేరొకవైపు హిమాయత్‌సాగరము. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచి, వేలాది ప్రాణములను బలిగొనినది. ఆ పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా ననుసరించి 1920లో మూసీపై ఒకటి, 1927లో ఈసీపై మరియొకటిగా ఈ జలాశయములు వెలసినవి. వరద తీసిన పిమ్మట విలపించుట ఎల్లరును చేయు పని. రాబోవు వరదకు కట్ట వేయుట వివేకుల పని. అయితే కట్ట ఉన్నంత మాత్రమున చాలదు. దానిని కనిపెట్టియుండు కావలి కూడ కావలెను. కోవిడ్ మహమ్మారి నాడు వైద్యులపై జరిగిన దౌర్జన్యములను, వాని నివారణకై వెలువడిన శాసనములను పరిశీలించు వారికి ఈ సత్యమే గోచరించును.

2020 ఏప్రిల్ 1వ తేదీన సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో ఒక రోగి మరణింపగా, అతని బంధువులు విధి నిర్వహణలోనున్న వైద్యులపై దాడి చేసిరి. జూన్ 9వ తేదీన అదే ఆసుపత్రిలో అట్టి ఘటనయే మరల జరిగెను. జూనియర్ వైద్యులు వీధిలోనికి వచ్చి నిరసన తెలిపిరి. ఆ ఏప్రిల్‌లోనే, వ్యాధి సోకి చెన్నైలో కన్నుమూసిన నెల్లూరు వైద్యుడొకని అంత్యక్రియలకు సైతము అక్కడి వారు అడ్డుపడిరి. రోగుల కొరకు ప్రాణము నొడ్డిన వానికి కాటిలో చోటు నిరాకరించుట కంటె కృతఘ్నత వేరొకటి గలదా?

నాడు అమలులోనున్న అంటువ్యాధుల చట్టము 1897 నాటిది. బొంబాయి ప్లేగును అరికట్టుటకు పుట్టినది. ఆ సంవత్సరముననే సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొని వైద్యశాస్త్రమునకు క్రొత్త త్రోవ చూపెను. శాస్త్రము ఎంతయో ముందునకు సాగినది; చట్టము మాత్రము ఉన్నచోటనే నిలిచినది. ఆ చట్టము ప్రకారము సద్బుద్ధితో పనిచేసిన వారిపై దావా వేయరాదు. కాని వారిపై పడు దెబ్బను ఆపు సాధనము అందులో లేదు. ఈ లోపమును పూరించుటకు 2020 ఏప్రిల్ 22న కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సు జారీ చేసినది. అదే ఏడు సెప్టెంబరులో పార్లమెంటు దానిని చట్టముగా చేసినది. దాడికి మూడు మాసములు మొదలు ఐదేండ్ల వరకు, తీవ్రమైన గాయము కలిగించినచో ఆరు మాసములు మొదలు ఏడేండ్ల వరకు కారాగారవాసము విధింపవచ్చును. ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని అధికారి ముప్పది దినములలో దర్యాప్తు ముగింపవలెను.

ఈ రక్షణ మహమ్మారి కాలమునకే పరిమితము. తక్కిన దినములలో వైద్యునికి దిక్కు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన చట్టము. దానిలో గరిష్ఠ శిక్ష మూడేండ్లు, జరిమానా ఏబదివేల రూపాయలు. 2023 మే నెలలో కొట్టారక్కరలో ఒక యువ వైద్యురాలు విధి నిర్వహణలో హతురాలైన వెంటనే కేరళ ప్రభుత్వము తన చట్టమును సవరించి, తీవ్రమైన గాయమునకు శిక్షను ఏడేండ్ల వరకు పెంచినది. ఒక ప్రాణము పోయిన పిదప గాని చట్టమునకు పదును రాకుండుట శోచనీయము. తెలుగు రాష్ట్రములు అంతవరకు వేచియుండనక్కరలేదు.

ఇచట రోగి బంధువుల పక్షమును విస్మరింపరాదు. మహమ్మారి దినములలో వారు రోగి ముఖమైన చూడనోచుకోలేదు. లోపల ఏమి జరుగుచున్నదో చెప్పువారు లేక తల్లడిల్లిరి. దుఃఖము, భయము, అనుమానము మూడును ఏకమైనచో ఆగ్రహమగును. కాని ఆ ఆగ్రహము పడకల కొరతకు కారకులైన వారిని చేరదు. ఎదుటనున్న జూనియర్ వైద్యుని చేరును. ఆనాడు గాంధీ వైద్యులు కోరినది తమ రక్షణ ఒక్కటియే కాదు. రోగులనందరిని ఒకేచోట చేర్చక ఇతర ఆసుపత్రులలోను చికిత్స జరుపవలెనని, సిబ్బందిని పెంచవలెనని వారు కోరిరి. దాడికి మూలమెక్కడ నున్నదో దెబ్బ తిన్నవారే ఎరిగియుండిరి.

కావున కర్తవ్యము రెండు విధములు. దాడి జరిగిన నాడే కేసు నమోదై, రాజీ ఒత్తిడులకు లొంగక విచారణ సాగవలెను. రోగి స్థితిని బంధువులకు పూటపూటకు ఓర్పుతో తెలుపుటకు ప్రతి పెద్ద ఆసుపత్రిలోను ప్రత్యేకముగా మనుష్యులుండవలెను. నిజముగా అశ్రద్ధ జరిగినచో ఫిర్యాదు చేయుటకు వైద్య మండలి గలదు, వినియోగదారుల న్యాయస్థానము గలదు. ఈ మార్గములు సామాన్యునికి తెలియవు. వానిని తెలుపువాడు ఉపాధ్యాయుడు. వైద్యుడు సర్వశక్తుడు కాడనియు, చికిత్సకు కూడ అవధి గలదనియు బడిలో నేర్చిన బాలుడు రేపు ఆసుపత్రి వాకిట చేయి ఎత్తడు.

హిమాయత్‌నగర్ వంటి పల్లెలలో ఆపద వచ్చినపుడు రోగిని నగరమునకే తీసికొనిపోవుదురు. అర్ధరాత్రి చేరిన ఆ రోగికి కావలసినది నిర్భయముగా నాడి పట్టగల వైద్యుడు. భయముతో వణకు చేయి సూదిని సరిగా గ్రుచ్చలేదు. వైద్యునికి కల్పించు రక్షణ కడపట రోగికే దక్కును. చట్టము వేసిన కట్ట ఉన్నది. దానికి ప్రజల వివేకమే కావలి.